పొగపెట్టెలో వేడి నిలకడ

అమెరికాలో ఉంటున్న పిల్లల దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లలో చాలామంది పెరట్లో నడుమెత్తు నల్లటి ఇనప పెట్టె ఒకటి చూసే ఉంటారు. తలుపు తీస్తే అడుగున కరెంటు కాయిల్, దాని మీద చెక్క పేళ్లు వేసే ట్రే, ఆపైన నీళ్ల గిన్నె, ఇంకా పైన మూడో నాలుగో జాలీ అరలు. దాన్ని ఎలక్ట్రిక్ స్మోకర్ అంటారు. కాయిల్ వేడికి పేళ్లు మండకుండా మగ్గి పొగ వదులుతాయి. ఆ పొగలో, ఆ సన్నటి వేడిలో మాంసమో చేపో గంటల తరబడి నిదానంగా ఉడుకుతుంది. టెక్సస్‌లో ఈ వంటకు పెద్ద చరిత్రే ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీ నుంచి, చెక్ ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన మాంసం వ్యాపారులు మిగిలిన మాంసాన్ని పొగబెట్టి, సాసేజ్‌లు చుట్టి అమ్మేవాళ్లు. లాక్‌హార్ట్ లాంటి చిన్న ఊళ్లకు పేరు అలా వచ్చింది. ఇప్పుడు డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో మనవాళ్ల పెరళ్లలోనూ ఆ పొగ లేస్తోంది. కాకపోతే లోపల అల్లం వెల్లుల్లి పట్టించిన కోడి, మేక తొడ కూడా ఉంటాయి.

నా ఉద్యోగ జీవితం కొలుముల్లో, బాయిలర్లలో వేడిని అదుపులో పెట్టే పరికరాల మధ్యే గడిచింది. అందుకని అక్కడి బంధువులు ఫోన్ చేసినప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "మావయ్యా, స్మోకర్‌తో వచ్చిన థర్మోస్టాట్ నిలకడగా ఉండట్లేదు. మంచి కంట్రోలర్ కొనమంటావా, మనమే చేసుకుందామా?" దానికి జవాబు చెప్పేముందు నేను అడిగేది ఒకటే. ఇంతకీ అందులో ఏం పెడతావు?

ఎందుకంటే అన్నింటికీ వేడి నిలకడ ఒకే మోతాదులో అక్కర్లేదు. టెక్సస్‌వాళ్లు ప్రాణంగా చూసుకునే బ్రిస్కెట్ సంగతి తీసుకోండి. అది ఆవు రొమ్ము భాగం, గట్టి కండ. పెట్టెలో 107 నుంచి 120 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా, వాళ్ల లెక్కలో 225 నుంచి 250 ఫారెన్‌హీట్, పన్నెండు గంటలో ఇంకా ఎక్కువో ఉంచుతారు. కండను కట్టి ఉంచే కొల్లాజెన్ అనే పీచు 70 డిగ్రీలు దాటాక నెమ్మదిగా కరిగి జిగురవుతుంది. మాంసం లోపలి వేడి 95 దగ్గరికి చేరేసరికి మెత్తబడుతుంది. అంత పెద్ద ముద్ద, అంత నిదానం వంట. పెట్టెలో గాలి పది డిగ్రీలు పైకీ కిందికీ ఊగినా ముద్ద లోపలికి ఆ ఊపు చేరదు, దానికి తెలిసేది సగటు వేడి మాత్రమే. మధ్యలో 65, 75 డిగ్రీల మధ్య ఎక్కడో లోపలి వేడి గంటల తరబడి కదలకుండా నిలిచిపోతుంది. చాలామంది అప్పుడు పెట్టె చెడిందని కంగారుపడతారు. పెట్టెకేమీ కాలేదు. మాంసం పైన చెమ్మ ఆవిరవుతూ, వచ్చిన వేడినంతా తీసుకుపోతోంది, అంతే. ఆ నిలుపుదల తీర్చడానికి కంట్రోలర్ కొంటే ఆ డబ్బు వృథా. బ్రిస్కెట్ ఒక్కటే వండేవారికి నేను చెప్పేది, మంచి థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, పాత థర్మోస్టాట్‌తో సర్దుకోండి అని.

సాసేజ్ దగ్గర కథ మారుతుంది. అందులో మాంసం, కొవ్వు కలిపి రుబ్బి పేగులో కూరుతారు. పెట్టె వేడి 80 డిగ్రీలు దాటిందా, ఆ కొవ్వు కరిగి బయటికి కారిపోతుంది, మిగిలేది పొడిపొడిగా రాలే పిండి ముద్ద. కాబట్టి తెలిసినవాళ్లు 50 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పెంచి 75, 77 దగ్గర ఆపుతారు. సాసేజ్ లోపల 71కి చేరేదాకా అక్కడే ఉంచుతారు. 77 దగ్గర పెట్టిన పెట్టె పన్నెండు డిగ్రీలు పైకి ఊగితే 89. అంతటితో ఆ సాసేజ్ పాడైనట్టే.

చేప ఇంకా సున్నితం. వేడి తొందరగా ఎక్కితే చేప ముక్క మీద తెల్లటి పెరుగు లాంటిది పైకి వచ్చి గడ్డకడుతుంది. అది లోపలి నుంచి పిండినట్టు వచ్చిన మాంసకృత్తు. వేడి చాలకపోతే అంతకంటే ప్రమాదం. 4 డిగ్రీలకూ 60కీ మధ్య సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. అందుకే వేడి పొగలో వండే చేప నడిమధ్యలో 63 డిగ్రీలు కనీసం అరగంట నిలవాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ మార్గదర్శకాల్లో రాసింది. చేప ఎండిపోకుండా, కాలకుండా, ఆ అరగంట నిక్కచ్చిగా దక్కాలంటే పెట్టె చెప్పినమాట వినాలి. చేప, సాసేజ్, ఈ రెండింటి కోసమైతే కంట్రోలర్ మీద ఖర్చు పెట్టండి.

మరి స్మోకర్‌తో వచ్చే థర్మోస్టాట్ ఎందుకు ఊగుతుంది? దానికి తెలిసినవి రెండే పనులు, కాయిల్‌ను పూర్తిగా వెలిగించడం, పూర్తిగా ఆపేయడం. పెట్టిన అంకె చేరగానే ఆపుతుంది. కానీ ఆపిన కాయిల్ ఇంకా ఎర్రగానే ఉంది. పేళ్ల ట్రే, నీళ్ల గిన్నె, గోడలు, అన్నిట్లోనూ వేడి దాగి ఉంది. అదంతా గాలిలోకి వచ్చి అంకె ఎక్కడికో పోతుంది. చల్లారి మళ్లీ వెలిగేసరికి ఈసారి కిందికి జారుతుంది. మడికి నీరు పెట్టే రైతు మడి అంచుదాకా నిండేవరకూ చూస్తూ కూర్చోడు. గండి పూడ్చాక కూడా కాలవలో ఉన్న నీరు వచ్చి చేరుతుందని తెలుసు గనుక కాస్త ముందే పూడుస్తాడు. ఆ ముందుచూపును యంత్రానికి నేర్పినదే పి.ఐ.డి. కంట్రోలర్.

ఈ ఆలోచన పుట్టింది వంటింట్లో కాదు, ఓడ మీద. నికొలస్ మినోర్‌స్కీ అని, రష్యాలో పుట్టి అమెరికా చేరిన ఇంజనీరు. ఓడలను దారి తప్పకుండా వాటంతట అవే నడిచేలా చేయాలని, చుక్కాని పట్టిన అనుభవజ్ఞులు ఏం చేస్తారో గమనించాడు. వాళ్లు ఓడ ఇప్పుడు ఎంత పక్కకు పోయిందన్నది ఒక్కటే చూడరు. ఎంతసేపటి నుంచి అలా పోతోందో, ఎంత వేగంగా తిరుగుతోందో కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఆ మూడింటినీ గణితంలో పెట్టి 1922లో ఒక పత్రం అచ్చు వేశాడు. పి.ఐ.డి.లో మూడు అక్షరాలూ ఆ మూడు లెక్కలే. తరవాత 1942లో జీగ్లర్, నికోల్స్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఆ మూడింటికీ ఏ విలువలు వేయాలో తేల్చుకునే సులువైన పద్ధతి చెప్పారు. ఓడకు, చమురు శుద్ధి కర్మాగారానికి పనికొచ్చిన లెక్కే ఇవాళ అగ్గిపెట్టె అంత ముఖం ఉన్న చిన్న మీటర్‌లో దొరుకుతోంది. నాకు ఇది ఇప్పటికీ ఆనందం కలిగించే విషయం.

డాలస్ దగ్గర మా మేనల్లుడి పెరట్లో అలాంటి మీటర్‌ను మొదటిసారి నడిపినప్పుడు పక్కనే ఉన్నాను. పైన ఎర్ర అంకెలు పెట్టెలో ఉన్న వేడి, కింద పచ్చ అంకెలు మనం అడిగిన వేడి. కింద 225 ఫారెన్‌హీట్ పెట్టి, ఆటోట్యూన్ మీట నొక్కాడు. పైన అంకె చకచకా ఎక్కి 225 దాటి పోయింది. కాయిల్ దీపం ఆరింది. అంకె కాసేపు ఎక్కుతూనే ఉండి, ఆగి, దిగడం మొదలుపెట్టింది. 225 కిందికి రాగానే దీపం మళ్లీ వెలిగింది. యంత్రం కావాలనే పెట్టెను అలా ఊపి చూస్తుంది. ఎంత దూరం ఊగింది, ఒక ఊపుకు ఎంతసేపు పట్టింది అని కొలుచుకుని, ఈ పెట్టె స్వభావం ఇదని తెలుసుకుని, మూడు విలువలూ తానే రాసుకుంటుంది. ఈ పని ఖాళీ పెట్టెతో చేయకూడదు. నీళ్ల గిన్నె నింపి, అరలు పెట్టి, వండబోయే వేడి దగ్గరే చేయాలి. కొన్ని ఊపులయ్యాక ఆటోట్యూన్ దీపం ఆరిపోయింది. అంకె 224, 225, 226 మధ్య నిలిచింది. కాయిల్ దీపం మాత్రం చిన్న చిన్నగా రెప్పవేస్తోంది.

వాడికి అనుమానం వచ్చింది. "మావయ్యా, పొగ రావట్లేదేంటి?" ట్రే లాగి చూస్తే పేళ్లు కాస్త గోధుమరంగుకు తిరిగాయి గానీ మగ్గలేదు.

ఇది కంట్రోలర్ అమ్మేవాళ్లు పెద్దగా చెప్పని ముచ్చట. పాత థర్మోస్టాట్ కాయిల్‌ను నిమిషాల తరబడి పూర్తిగా వెలిగిస్తుంది గనుక ట్రే బాగా కాలి పేళ్లు పొగ వదిలేవి. కొత్త కంట్రోలర్ వేడి నిలబెట్టడానికి కాయిల్‌కు కొద్దికొద్దిగా కరెంటు ఇస్తుంది. గాలి 107 డిగ్రీల దగ్గర చక్కగా నిలుస్తుంది, కానీ చెక్క పొగవ్వాలంటే అది 200 దాటాలి. చెక్కలోని హెమీసెల్యులోజ్ 200 దాటాక విరగడం మొదలవుతుంది, పొగ వాసనకు ప్రాణమైన లిగ్నిన్ 300 పైన. ఒకే కాయిల్‌తో గాలిని మెల్లగా కాచడం, చెక్కను గట్టిగా కాల్చడం, రెండు పనులూ చేయించబోతే ఏదో ఒకటి చెడుతుంది.

కాబట్టి పొగను, వేడిని విడదీయండి. ఇది ఈ ప్రసంగంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట. చిల్లులున్న స్టీలు గొట్టాలు దొరుకుతాయి, చెక్క పొట్టును గట్టిగా నొక్కి చేసిన గుళికలు వాటిలో నింపి, ఒక కొసన టార్చ్ మంటతో కొన్ని నిమిషాలు అంటించి, మంట ఊది ఆర్పేస్తే గంటల తరబడి దానంతటదే మగ్గుతుంది. కాయిల్‌తో దానికి పని లేదు. పెట్టెకు గాలి వచ్చే కన్నం, పోయే కన్నం మాత్రం తెరిచి ఉంచాలి. గాలి ఆడక కమ్ముకున్న తెల్లటి దట్టపు పొగ మాంసానికి చేదు పట్టిస్తుంది, పలచటి నీలి పొగ మేలు. మనదేశంలో ఈ పని చేసేవాళ్లు మామిడి, జామ వాడుకోవచ్చు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, జిగురు కారే పైన్ జాతి చెక్కలు దగ్గరికి రానివ్వకండి. చెక్క భగ్గున మండేకొద్దీ పొగలో బెంజోపైరీన్ లాంటి కేన్సర్ కారకాలు పెరుగుతాయి. యూరప్ దేశాలు పొగబెట్టిన మాంసంలో, చేపలో దానికి కిలోకు 2 మైక్రోగ్రాముల హద్దు పెట్టాయి. చెక్కను మండనివ్వకుండా మగ్గనివ్వడంలో రుచితో పాటు ఆరోగ్యమూ ఉంది.

ఇక కొనాలా, చేసుకోవాలా? అమెరికాలో ఉన్నవాళ్లకు ఆబర్, ఇంక్‌బర్డ్ లాంటి పేర్లతో తయారు పెట్టెలు దొరుకుతాయి. కంట్రోలర్‌ను గోడ సాకెట్‌లో, స్మోకర్‌ను కంట్రోలర్‌లో గుచ్చడమే. మీ స్మోకర్ తిప్పుడు మీటతో ఉన్న సాదా రకమైతే మీటను పూర్తిగా పెంచి ఇది తగిలించండి, పని అయిపోయింది. బటన్లు, డిజిటల్ అంకెలు ఉన్న స్మోకర్‌తో చిక్కుంది. కంట్రోలర్ కరెంటు తీసి వేసిన ప్రతిసారీ దాని సొంత బోర్డు మొదటికొచ్చి, మీట నొక్కితే గానీ వెలగదు. అప్పుడు ఆ బోర్డును తప్పించి కాయిల్‌కు నేరుగా వైరు వేయాలి. ఆ పని చేసేటప్పుడు కాయిల్ దగ్గర ఉండే చిన్న గుండ్రటి బిళ్ల లాంటి కటాఫ్‌ను మాత్రం తప్పించకండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

చేసుకోవాలనుకుంటే కావలసినవి నాలుగు. మీటరు, సెన్సర్, కాయిల్‌కు కరెంటు కలిపే రిలే, ఇవన్నీ పట్టే ఎర్తింగ్ చేసిన ఇనప డబ్బా. మన దగ్గర సెలెక్, మల్టీస్పాన్ లాంటి దేశీయ కంపెనీల పి.ఐ.డి. మీటర్లు కర్మాగారాల కోసం అమ్ముతారు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో, కోఠి గుజరాతీ గల్లీలో తిరిగితే సామానంతా దొరుకుతుంది. కోళ్ల పొదుగుడు పెట్టెలకు వాడే చవక మీటర్లు చూసి ఆశపడొద్దు. వాటిలో బాగా అమ్ముడయ్యే ఎస్.టి.సి. వెయ్యి రకం 99 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, పైగా అది వెలిగించి ఆపే రకమే. 107 డిగ్రీల వంటకు అది అందదు.

ఆన్‌లైన్‌లో రెక్స్ సి-100 పేరుతో దొరికే చవక నకళ్ల గురించి ఒక జాగ్రత్త. మీటరు, సెన్సర్, సాలిడ్ స్టేట్ రిలే మూడూ కలిపి ఒక కట్టగా అమ్ముతారు. మీటరు పక్కన చీటీ మీద మోడల్ నంబరు చివర్లో ఎమ్ అన్న అక్షరం ఉంటే లోపల మామూలు రిలే ఉన్నట్టు. సాలిడ్ స్టేట్ రిలేను నడపడానికి వి అన్న అక్షరం ఉన్నది కావాలి. ఎమ్ రకం మీటరుకు సాలిడ్ స్టేట్ రిలే జతచేసి పంపిన కట్టలు చాలానే ఉన్నాయి. అవి కలిపితే పనిచేయవు. డబ్బా విప్పగానే ముందు ఆ అక్షరం చూడండి.

మామూలు రిలేతోనే కానిచ్చేద్దాం అంటారా, చిన్న లెక్క వేద్దాం. కంట్రోలర్ రెండు సెకన్లకోసారి కాయిల్‌ను కలిపి విడదీస్తే గంటకు 1,800 సార్లు. పన్నెండు గంటల వంటకు 21,600. చిన్న రిలేలు నిండు బరువు మీద సుమారు లక్ష సార్లు పనిచేసేలా తయారవుతాయి. అంటే అయిదు వంటలకే ఆయువు తీరింది. సాలిడ్ స్టేట్ రిలేలో కదిలే భాగమే లేదు. అందుకు బదులు అది వేడెక్కుతుంది, ఆంపియర్‌కు ఒక వాట్ కంటే కొంచెం ఎక్కువ. 800 వాట్ల కాయిల్ అమెరికాలో 120 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు దాటి తీసుకుంటుంది, ఇక్కడ 230 మీద మూడున్నర. కాబట్టి దాన్ని అల్యూమినియం హీట్ సింక్ మీద పేస్ట్ పూసి బిగించాలి, ప్లాస్టిక్ డబ్బాలో మూసి పెట్టకూడదు.

అసలు భయం వేరే. సాలిడ్ స్టేట్ రిలే చెడిపోతే సాధారణంగా కలిసిపోయిన స్థితిలోనే ఉండిపోతుంది. మీటరు ఆపమని చెబుతున్నా కాయిల్ వెలుగుతూనే ఉంటుంది. లోపల కొవ్వు కారిన ట్రే, చెక్క గుళికలు. అప్పుడు కాపాడేది ఇందాక చెప్పిన ఆ చిన్న బిళ్ల కటాఫ్ ఒక్కటే. లోపల రెండు లోహాల రేకు ఉంటుంది, హద్దు దాటగానే టక్కున వంగి కరెంటు తెంపేస్తుంది. మీటరుతో, రిలేతో సంబంధం లేకుండా కాయిల్‌కు వరసలో అది ఉండి తీరాలి. చేత్తో నొక్కితేనే మళ్లీ కలిసే రకం మంచిది. దానికి తోడు సరైన ఫ్యూజు, ఆపైన కరెంటు లీకైతే తెంపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఫేజుకూ న్యూట్రల్‌కూ తేడా చెప్పలేనివారు ఈ డబ్బా తయారీ జోలికి వెళ్లకండి, తయారుగా ఉన్నది కొనుక్కోండి. ఈ మాట నేను ఎవరినీ తక్కువ చేసి అనడం లేదు. తడి చేతులతో, ఆరుబయట, కరెంటు పెట్టెను ముట్టుకునే వంట ఇది.

సెన్సర్ గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఎంత ఖరీదైన మీటరైనా దానికి సెన్సర్ చెప్పిందే వేదం. రెండు రకాలు వాడతారు. కె రకం థర్మోకపుల్ మొదటిది. దాని తీగలు తిరగేసి బిగిస్తే పెట్టె వేడెక్కేకొద్దీ అంకె తగ్గుతుంది, కంట్రోలర్ ఇంకా ఇంకా వేడి పోస్తుంది. అమెరికా పద్ధతిలో పసుపు తీగ ప్లస్, ఎర్ర తీగ మైనస్. ఎరుపంటే ప్లస్ అనే మన అలవాటుకు ఇది పూర్తిగా ఎదురు. రెండోది పి.టి. హండ్రెడ్, ప్లాటినం తీగ. సున్నా డిగ్రీల దగ్గర 100 ఓములు, వంద దగ్గర 138.5. పొడుగాటి వైరులో ఒక్క ఓము అదనంగా చేరినా రెండున్నర డిగ్రీల తప్పు చూపిస్తుంది. అందుకే మూడు తీగల రకం కొనండి, మూడో తీగ ఆ తప్పును తీసేస్తుంది. నన్నడిగితే పి.టి. హండ్రెడ్‌కే ఓటు.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఇంకా పెద్ద సంగతి. గోడకు ఆనిస్తే గోడ వేడి చూపిస్తుంది. కాయిల్ పైన పెడితే కాయిల్ వేడి. చల్లటి మాంసం పక్కనే ఆనించి పెడితే తక్కువ చూపించి పెట్టెను మాడుస్తుంది. వండే అర ఎత్తులోనే, మాంసానికి మూడు నాలుగు వేళ్ల ఎడంలో, గాలిలో వేలాడేలా ఉంచండి. చేప లోపలికి గుచ్చే ప్రోబ్ వేరే ఉండాలి. గాలి వేడి ఒకటి, చేప లోపలి వేడి ఒకటి, రెండూ కనబడాలి.

విశాఖలో, కాకినాడలో చేప పొగబెట్టి అమ్మాలని చూస్తున్న యువకులు నాతో మాట్లాడుతుంటారు. కానాగంతల్లాంటి నూనె ఉన్న చేపలకు పొగ బాగా పడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖపట్నంలో పరిశోధన కేంద్రం ఉంది. ఉప్పు పాళ్లు, నిల్వ గురించి అక్కడి వాళ్లను కలవండి. పొగ పట్టినంత మాత్రాన చేప బయట నిలవ ఉండదు, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టవలసిందే. గాలి తీసేసిన సంచిలో పెట్టి బల్ల మీద వదిలేస్తే ప్రాణాంతకమైన బొట్యులినం విషం తయారయ్యే అవకాశం ఉంది.

అమెరికా నుంచి తిరిగొచ్చేస్తూ స్మోకర్‌ను కూడా ఓడలో వేసి తెచ్చుకునేవారికి ఒక హెచ్చరిక. అక్కడి 120 వోల్టుల 800 వాట్ల కాయిల్‌ను మన 230కి తగిలిస్తే దాదాపు 2,900 వాట్లు లాగుతుంది. వోల్టేజి దించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, లేదా కాయిల్ మార్పించండి.

అంతా బిగించాక, మొదటి వంటకు ముందు సెన్సర్‌ను పరీక్షించండి. చితక్కొట్టిన మంచు నిండుగా ఉన్న నీళ్లలో ముంచితే సున్నా చూపించాలి. తెర్లుతున్న నీళ్లలో ముంచితే విశాఖలో 100, సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో సుమారు 98, డెన్వర్‌లో ఉన్నవారికి 95. ఎంత తేడా ఉందో రాసుకుని, మీటరు మెనూలో సెన్సర్ సవరణ అనే చోట ఆ అంకె వేయండి. ఆ తరవాతే చేపను లోపల పెట్టండి.